మన లైటు మనకు కనబడదు

(కొత్తగా లైసెన్సు తీసుకున్నవారి కోసం జరిగిన సమావేశంలో ఒక డ్రైవింగ్ శిక్షకుడు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక వరుసలోవాళ్ళకి వినబడుతోందా? సరే.

ముందు మూడు ప్రశ్నలు అడుగుతాను, చేతులెత్తండి చాలు. రాత్రిపూట బండి నడిపేవాళ్ళు ఎంతమంది? దాదాపు అందరూ. ఎదురొచ్చే బండి లైటు కళ్ళల్లో పడి, నోట్లోనో మనసులోనో తిట్టుకున్నవాళ్ళు? మళ్ళీ అందరూ. మంచిది. ఇక మూడోది. సొంత బండి లైటు వేసి, ఓ 50 మీటర్లు ముందుకు నడిచి, వెనక్కి తిరిగి ఆ లైటు ఎదుటివాడికి ఎలా కనబడుతుందో చూసినవాళ్ళు?

ఒక్కరు. మీరేం చేస్తారండీ? మెకానిక్. అయితే ఆయన్ని లెక్కలోంచి తీసేద్దాం. (నవ్వులు)

ఇరవై ఏళ్ళకు పైగా నేను డ్రైవింగ్ నేర్పుతున్నాను. ఈ మూడు ప్రశ్నలూ ఎక్కడ అడిగినా ఇవే జవాబులు వస్తాయి. తిట్టేవాళ్ళు అందరూ ఉన్నారు, తిట్లు తినేవాడు మాత్రం ఒక్కడూ లేడు. మరి ఆ లైట్లు కొట్టేది ఎవరు? ఇక్కడ కూర్చున్న మనమే. దీపం కింద చీకటి అంటారు చూడండి, బండి విషయంలో అది అక్షరాలా నిజం. హెడ్‌లైటు వెనక కూర్చున్నవాడికి రోడ్డు బాగా కనబడుతుంది. ఆ లైటు ఎదుటివాణ్ణి ఏం చేస్తోందో కనబడదు. వెనక బ్రేక్ లైటు వెలుగుతోందో లేదో తెలియదు. ఇండికేటర్ అయితే టిక్ టిక్ అని చప్పుడు వినబడుతుంది, అంతే. బండికున్న లైట్లలో చాలావరకు మనం చూడటానికి పెట్టినవి కావు. అవి ఇంకొకరు చూడటానికి పెట్టినవి. కాబట్టి ఇవాళ చెప్పేదంతా ఎదుటివాడి సీట్లో కూర్చుని చెబుతాను.

మొదట కన్ను సంగతి. చీకట్లో చూడటానికి మన కంటి వెనక పొరలో రాడ్లు అనే కణాలుంటాయి. వాటిలో ఉండే రోడాప్సిన్ అనే పదార్థం వెలుగు పడితే విరిగిపోతుంది, చీకట్లో మెల్లగా మళ్ళీ తయారవుతుంది. వెలుగులోంచి చీకట్లోకి వచ్చిన కన్ను పూర్తిగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు కావాలి. హాల్లో లైట్లు ఆపేసినప్పుడు కుర్చీ కోసం చేత్తో తడుముకోవడం మీకు తెలిసిందే. వెలుగు పడగానే కంటిపాప ఒక్క క్షణంలో ముడుచుకుంటుంది. తిరిగి తెరుచుకోవడానికి మాత్రం చాలా నెమ్మది. హై బీమ్, అంటే దూరం దాకా నేరుగా కొట్టే లైటు, కళ్ళల్లో పడి వెళ్ళిపోయాక కూడా కొన్ని సెకన్లు మనకు రోడ్డు సరిగ్గా కనబడకపోవడానికి కారణం ఇదే.

కొన్ని సెకన్లేగా అనుకోకండి. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి దాదాపు 17 మీటర్లు. మూడు సెకన్లలో 50 మీటర్లు. ఎదుటివాడు కూడా అదే వేగంతో వస్తుంటే, ఆ మూడు సెకన్లలో మీ ఇద్దరి మధ్య దూరం 100 మీటర్లు తగ్గిపోతుంది. కళ్ళు మూసుకుని మూడంకెలు లెక్కపెట్టండి. ఒకటి... రెండు... మూడు. అంతసేపు స్టీరింగ్ పట్టుకుని కళ్ళు మూసుకుంటారా ఎవరైనా?

ఇందులో ఇంకో మాయ ఉంది. బలమైన లైటు కంట్లో పడినప్పుడు అది కంటి లోపలే చెదిరి, చూపు మీద ఒక తెల్లటి పొరలా పరుచుకుంటుంది. కిటికీకి పల్చటి తెర వేసినట్టు. ఆ పొర వెనక బాగా వెలిగే వస్తువులు కనబడతాయి. మసకగా ఉన్నవి మాయమైపోతాయి. రోడ్డు మీద మసకగా ఉండేవి ఏమిటి? నల్ల చొక్కా వేసుకుని నడిచేవాడు, లైటు లేని సైకిలు, అడ్డంగా వచ్చిన పశువు. రెండు బండ్లు ఎదురెదురుగా హై బీమ్ వేసుకుని వస్తున్నప్పుడు ఆ మధ్యలో రోడ్డు దాటే మనిషి ఇద్దరికీ కనబడడు. ఆ మనిషి మాత్రం తన మీద ఇంత వెలుగు పడుతోంది కదా, ఇద్దరూ నన్ను చూస్తూనే ఉంటారు అనుకుంటాడు.

అందుకే, వాడు డిమ్ చేయలేదు, అంటే లైటు కిందికి దించలేదు, కాబట్టి నేనూ చేయను అనే పౌరుషం పనికిరాదు. ఇది నేను చాలామంది మంచి డ్రైవర్లలో చూశాను. బుద్ధి చెప్పాలని ఎదురు హై బీమ్ కొడతారు. ఎదుటివాడికి కళ్ళు కనబడకపోతే వాడి బండి ఎవరి మీదికి వస్తుంది? మన మీదికే. గుడ్డివాణ్ణి చేసి వాడికి ఎదురుగా వెళ్ళడం ఏం తెలివి?

అలాంటప్పుడు చేయగలిగిన పని ఒకటుంది. వాడి లైట్ల వైపు చూడకుండా, మన వైపు రోడ్డు అంచుని, అక్కడి తెల్ల గీతని చూడండి. దీని వెనక లెక్క ఉంది. లైటుకీ మన చూపుకీ మధ్య కోణం రెండింతలైతే, కంట్లో ఆ తెల్లపొర దాదాపు నాలుగో వంతుకి పడిపోతుంది. చూపు కొద్దిగా పక్కకి తిప్పినా ఊరట అంత ఎక్కువ. వేగం తగ్గించడం ఎలాగూ ఉంది.

హై బీమ్ పాపమని నేను అనడం లేదు. డిమ్ లైటులో రోడ్డు బాగా కనబడేది 40 నుంచి 60 మీటర్లు. 80 కిలోమీటర్ల వేగంలో ప్రమాదం గుర్తించి, బ్రేకు వేసి, బండి ఆగేసరికి 70 మీటర్ల దాకా పడుతుంది. అంటే డిమ్‌లో 80 మీద వెళ్ళేవాడు తన చూపుకంటే ముందు పరిగెడుతున్నట్టే. కాబట్టి ఖాళీ రోడ్డు మీద హై బీమ్ వేయాల్సిందే. వేయకపోతేనే తప్పు. ఎదురుగా బండి వస్తున్నప్పుడు దించండి. ముందు బండి వెళ్తున్నప్పుడు కూడా దించండి. ఈ రెండోది ఎవరికీ గుర్తుండదు. 1968లో వియన్నాలో కుదిరిన అంతర్జాతీయ రోడ్డు ట్రాఫిక్ ఒప్పందం ఈ రెండూ చెబుతుంది. వెనకనుంచి పడ్డ హై బీమ్ మూడు అద్దాల్లోంచీ కళ్ళల్లోకి వస్తుంది. ఎదురొచ్చేవాడైతే ఓ ఐదారు సెకన్లలో దాటిపోతాడు. వెనకవాడు పది కిలోమీటర్లు అలాగే వస్తాడు.

ఇప్పుడు నా సొంత కథ. కొన్నేళ్ళ కిందట కుటుంబంతో రాత్రి ప్రయాణం. వెనక సీట్లో ముగ్గురు, డిక్కీ నిండా సామాను. రోడ్డు ఎక్కినప్పటి నుంచి ఎదురొచ్చిన ప్రతివాడూ నాకు లైటు కొడుతున్నాడు. నేను చూసుకున్నాను, డిమ్‌లోనే ఉంది. ఈ రాత్రి వీళ్ళందరికీ ఏం పట్టింది అని గంటసేపు విసుక్కున్నాను. ఒకరిద్దరికి తిరిగి హై బీమ్ కొట్టాను కూడా, ఇప్పుడే కదా మీకు చేయకూడదని చెప్పాను. (నవ్వులు) పెట్రోలు బంకులో ఆగితే ఒక లారీ డ్రైవరు వచ్చి, “సార్, మీ లైటు రోడ్డు మీద పడటం లేదు, చెట్ల మీద పడుతోంది” అన్నాడు. దిగి చూస్తే నిజమే. వెనక బరువుకి బండి కుంగి, ముక్కు పైకి లేచింది. ముక్కుతో పాటు లైటూ లేచింది. డ్రైవింగ్ నేర్పేవాణ్ణి, నాకు ఎంత సిగ్గేసిందో చెప్పలేను.

లైటు ఎత్తు భూమికి 65 సెంటీమీటర్లు అనుకోండి. సరిగ్గా సర్దిన డిమ్ లైటు ప్రతి 10 మీటర్లకీ 10 సెంటీమీటర్ల చొప్పున కిందికి దిగుతుంది. అంటే 50 మీటర్ల దూరంలో వెలుగు పై అంచు మోకాలి కిందే ఉంటుంది. ముక్కు ఒక్క డిగ్రీ పైకి లేస్తే అదే చోట అది ఇంకో 87 సెంటీమీటర్లు పైకి వెళ్తుంది. మీటరు దాటింది. కారులో కూర్చున్నవాడి గడ్డం దాకా వచ్చింది. రోడ్డు చిన్న గతుకు కొడితే కళ్ళలోకే.

దీనికి మందు చాలా కార్లలో ఉంది. స్టీరింగ్ దగ్గర్లో ఒక చిన్న చక్రం, దాని మీద 0, 1, 2, 3 అంకెలు. మీలో ఎంతమంది దాన్ని ఎప్పుడైనా తిప్పారు? సున్నా అంటే డ్రైవరు ఒక్కడో, ముందు సీట్లో ఇంకొకరో ఉన్నప్పుడు. వెనక మనుషులు, సామాను ఎక్కేకొద్దీ అంకె పెంచాలి, లైటు కిందికి దిగుతుంది. నా బండిలో ఆ చక్రం కొన్న రోజునుంచీ సున్నా మీదే ఉండిపోయింది. రేడియో మీదున్న అన్ని మీటలూ మనకు తెలుసు, దీన్ని మాత్రం ఎవరూ ముట్టుకోరు.

తరవాత బల్బు మార్పిడి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన హాలోజెన్ బల్బు తీసేసి, తెల్లగా భగభగమనే ఎల్ఈడీ వేయించుకోవడం. దుకాణంలో గోడ మీద కొట్టి చూపిస్తే అద్భుతంగా ఉంటుంది. హెడ్‌లైటు లోపలి అద్దం ఏ లెక్కతో తయారైందంటే, బల్బులో తీగ ఫలానా చోట, మిల్లీమీటర్ల తేడా కూడా లేకుండా ఉంటుందని. అక్కడ తీగకి బదులు ఇంకో ఆకారంలో, ఇంకో చోట వెలుగు పుడితే ఆ అద్దం దాన్ని ఎటుపడితే అటు చిమ్ముతుంది. డిమ్‌కి ఉండాల్సిన పై అంచే పోతుంది. బండికి దగ్గర్లో నేల తెల్లగా మెరుస్తుంది కాబట్టి యజమానికి బాగా కనబడుతున్నట్టు అనిపిస్తుంది. దగ్గర నేల అలా మెరిస్తే కంటిపాప ముడుచుకుని, దూరం చూపు ఇంకా తగ్గుతుంది. డబ్బు పెట్టి చూపు తగ్గించుకోవడం అన్నమాట. వెలుగుని కొలిచే లెక్కలో 2000 ల్యూమెన్లు దాటే డిమ్ లైటు పెట్టాలంటే దాని బయటి అద్దాన్ని కడిగే ఏర్పాటు కూడా ఉండాలని ఐక్యరాజ్యసమితి వాహన నియమాలు చెబుతున్నాయి. అద్దం మీద దుమ్ము చాలు, ఆ కాంతి చెదిరి ఎదుటివాడి కళ్ళలో పడటానికి. బల్బు మార్చే దుకాణంలో ఈ మాట ఎవరు చెబుతారు?

వెనక ఉండే ఎర్ర ఫాగ్ లైటు గురించి ఒక్క ముక్క. మామూలు టెయిల్ లైటుకంటే అది పదుల రెట్లు కాంతి. దట్టమైన పొగమంచు కోసం పెట్టింది. ఆకాశంలో చుక్కలు కనబడుతుంటే ఆపేయండి.

ఇక ఇండికేటర్. దీని పుట్టుక భలే ముచ్చట. మూకీ సినిమాల కాలంలో ఫ్లోరెన్స్ లారెన్స్ అనే అమెరికా నటి ఉండేది. కార్లంటే పిచ్చి. 1914 ప్రాంతంలో తన కారుకి ఒక ఏర్పాటు చేసుకుంది, బటన్ నొక్కితే వెనక ఒక చెయ్యి లాంటిది లేచి ఎటు తిరుగుతున్నదో చెబుతుంది. బ్రేకు తొక్కితే ఆగుతున్నాను అని రాసిన పలక లేస్తుంది. ఆవిడ పేటెంటు తీసుకోలేదు, రూపాయి గడించలేదు. మెరిసే ఇండికేటర్ల కోసం 1939లో బ్యూక్ కార్లు వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. నూరేళ్ళ కిందట ఒకామె తనంతట తాను కనిపెట్టుకున్న మర్యాద అది. ఇవాళ వేలి కొసన ఉంది, వేయడానికి మనకి బద్ధకం.

వేసేవాళ్ళలో కూడా రెండు రకాలు. ఒకడు సగం తిరిగాక వేస్తాడు. తిరిగిపోయావు నాయనా, నాకు కనబడుతూనే ఉంది, ఇంకా ఏం చెబుతున్నావు? ఇండికేటర్ నిమిషానికి 60 నుంచి 120 సార్లు మెరుస్తుంది. వెనకవాడు దాన్ని గమనించి, అర్థం చేసుకుని, కాలు బ్రేకు మీదికి తేవాలంటే కనీసం నాలుగైదు మెరుపులైనా కావాలి. కాబట్టి స్టీరింగ్ కంటే ముందు, బ్రేకు కంటే కూడా ముందు ఇండికేటర్. రెండోవాడు వేసినదాన్ని ఆపడు. ముఖ్యంగా బైకుల మీద. కారులో స్టీరింగ్ తిరిగొస్తే అదే ఆగిపోతుంది, చాలా బైకుల్లో వేలితో ఆపాలి. మలుపు తిరిగి రెండు కిలోమీటర్లు వచ్చినా అది మెరుస్తూనే ఉంటుంది. పక్కరోడ్డులోంచి వచ్చేవాడు ఇతను ఇటు తిరుగుతాడులే అని ముందుకొస్తాడు. ఇండికేటర్ వేయనివాడు ఏమీ చెప్పడు, వీడు అబద్ధం చెబుతాడు. నా దృష్టిలో వీడే ఎక్కువ ప్రమాదం.

ఇంకో సంగతి, ఇండికేటర్ వేశాను కదా, నాకు దారి ఇవ్వాల్సిందే అనుకోవద్దు. అది అడగటమే. అడిగాక అద్దంలో చూసి, అవతలివాడు సరేనన్నాడని తెలిశాక కదలాలి.

డబుల్ ఇండికేటర్ దగ్గరికి వద్దాం. అదే, ఎర్ర త్రికోణం బటన్. బండి చెడిపోయి ఆగినప్పుడు, ముందు హఠాత్తుగా అన్నీ ఆగిపోతే వెనకవాణ్ణి హెచ్చరించేటప్పుడు, అంతవరకే. కానీ వాన పడితే వేస్తారు, సొరంగంలో వేస్తారు, రోడ్డు మధ్యలో ఆపి ఫోన్ మాట్లాడుతూ వేస్తారు, ఆ బటన్ నొక్కితే ఎక్కడైనా ఆపుకోవచ్చని వరం దొరికినట్టు. అన్నిటికంటే వింత, కూడలిలో నేరుగా వెళ్ళడానికి వేయడం. ఒక్కసారి మీరు పక్కరోడ్డులో నిలబడ్డారనుకోండి. మీకు ఆ బండి ఒక పక్కే కనబడుతుంది. నాలుగు లైట్లలో మీ వైపువి మాత్రమే మెరుస్తూ కనబడతాయి. మీకేం అర్థమవుతుంది? ఇటు తిరుగుతున్నాడనేగా! లోపలున్నవాడు నేరుగా వెళ్తున్నాను అన్నాడు, బయటివాడికి తిరుగుతున్నాను అని వినబడింది. కొట్టుకునేదాకా ఇద్దరూ తమదే సరి అనుకుంటారు.

వానలో కూడా అంతే. నాలుగూ మెరుస్తుంటే ఇక ఆ బండి ఎటు తిరుగుతుందో చెప్పే దారే లేదు. పైగా ముందు వరసగా పది బండ్లు మెరుస్తూ వెళ్తుంటే, వాటిలో నిజంగా ఆగిపోయిన బండి ఏదో ఎలా తెలుస్తుంది? నాన్నా పులి కథే. వానలో వేయాల్సింది మామూలు హెడ్‌లైటు, డిమ్‌లో.

అతిగా వాడితే సంకేతం అరిగిపోతుందని చెప్పడానికి నాకు ఇష్టమైన ఉదాహరణ ఒకటుంది. కారు వెనక అద్దం దగ్గర మూడో బ్రేక్ లైటు ఉంటుంది కదా. 1974లో సాన్‌ఫ్రాన్సిస్కోలో జాన్ వోవోడ్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కొన్ని టాక్సీలకు అలాంటి అదనపు బ్రేక్ లైటు పెట్టి చూశాడు. వెనకనుంచి గుద్దుకునే ప్రమాదాలు ఆ టాక్సీలకు దాదాపు 60 శాతం తగ్గాయి. 1986 నుంచి అమెరికాలో కొత్త కార్లన్నిటికీ అది తప్పనిసరి చేశారు. అందరికీ వచ్చాక, ఏళ్ళు గడిచాక లెక్క చూస్తే తగ్గుదల 4 శాతం చిల్లర దగ్గర స్థిరపడింది. టాక్సీకి ఒక్కదానికే ఉన్నప్పుడు జనం ఉలిక్కిపడి చూశారు, అన్నిటికీ వచ్చాక చూపు అలవాటు పడింది. ఆ 4 శాతం కూడా చిన్నదేం కాదు, ఎంతోమంది ప్రాణాలు, నడుములు. కానీ రోజంతా ఊరికే మెరిసే లైటుకి ఏ గతి పడుతుందో చూడండి.

బ్రేక్ లైటు అన్నాను కాబట్టి, రాత్రి సిగ్నల్ దగ్గర రెండు నిమిషాలు ఆగాల్సి వస్తే, వెనక బండి వచ్చి ఆగాక హ్యాండ్‌బ్రేక్ వేసి కాలు తీసేయండి. లేకపోతే మూడు ఎర్రలైట్లు వెనకవాడి మొహం మీద అంతసేపూ.

లైటు ఎక్కువ కావడం గురించే మాట్లాడుతున్నాను, లేకపోవడం గురించి కూడా చెప్పాలి. కొత్త కార్లలో పగటిలైట్లు వాటంతటవే వెలుగుతాయి. డాష్‌బోర్డు ఎప్పుడూ మెరుస్తూనే ఉంటుంది. సాయంత్రం చీకటి పడుతుంటే డ్రైవరుకి ముందు కాస్త వెలుగు, లోపల వెలుగు, అన్నీ ఆన్‌లోనే ఉన్నాయనుకుంటాడు. చాలా కార్లలో ఆ పగటిలైటుతో పాటు వెనక టెయిల్ లైటు వెలగదు. వెనకనుంచి చూసేవాడికి అక్కడ బండే లేదు. పాతకాలంలో డాష్‌బోర్డు చీకటైపోతే లైటు వేయాలని గుర్తొచ్చేది. సౌకర్యం పెరిగి ఆ గుర్తు పోయింది.

హెడ్‌లైటు ఒకసారి కొట్టి ఆపడం కూడా చిక్కే. కొందరికి దాని అర్థం “నేను వస్తున్నాను, ఆగు”. కొందరికి “నువ్వు ముందు వెళ్ళు”. ఒకే మాటకి రెండు వ్యతిరేక అర్థాలున్న భాషలో రోడ్డు దాటడం మంచిది కాదు. ఎవరైనా లైటు కొడితే, నేను ఉన్నాను అని చెబుతున్నాడు అని మాత్రమే తీసుకోండి. మిగతాది బండి వేగం తగ్గుతోందా లేదా చూసి తెలుసుకోండి.

ఆటోమేటిక్ హై బీమ్ ఉంది కదండీ అని ముందు వరసలో అబ్బాయి అడుగుతున్నాడు. ఉంది బాబూ. 1952లోనే అమెరికా కార్లలో ఎదుటి లైటు చూసి తనే డిమ్ చేసే కన్ను లాంటి పరికరం వచ్చింది. ఇప్పటివి కెమెరాతో పనిచేస్తాయి, ఎంతో మెరుగు. అయినా ఆ కెమెరా ఎక్కువగా వెతికేది లైట్లని. నడిచేవాడి దగ్గర లైటు లేదు. మెట్ట ఎక్కి వచ్చే బండి లైటు పూర్తిగా బయటపడేదాకా దానికీ తెలియదు. ఆకాశంలో వెలుగు చూసి బండి వస్తోందని మీరు ముందే పసిగడతారు, అది పసిగట్టలేకపోవచ్చు. వాడండి, కానీ వేలు మీట మీదే ఉంచండి.

చివర్లో కూర్చున్న పెద్దాయన చెయ్యెత్తారు. చెప్పండి. ... వినబడనివాళ్ళ కోసం, నాకు అరవై దాటాయి, రాత్రి లైట్లు భరించలేకపోతున్నాను, లోపం నాదా వాళ్ళదా అంటున్నారు.

రెండూనండి. ఇరవై ఏళ్ళవాడితో పోలిస్తే అరవై ఏళ్ళ కంటి వెనక పొరకి చేరే వెలుతురు దాదాపు మూడో వంతే. కంటిలో కటకం పసుపెక్కి, వెలుగుని ఎక్కువగా చెదరగొడుతుంది. తేరుకోవడానికీ ఎక్కువసేపు పడుతుంది. ఒకసారి కంటి డాక్టరుకి చూపించుకోండి, శుక్లం మొదలైతే ముందు తెలిసేది రాత్రి లైట్ల దగ్గరే. ముందు అద్దాన్ని లోపలివైపు కూడా తుడవండి, అక్కడ పేరుకున్న జిడ్డు పొర లైటుని చెదరగొడుతుంది, అది ఎవరూ తుడవరు. వెనక వచ్చేవాళ్ళని చూసే లోపలి అద్దం కింద చిన్న మీట ఉంటే రాత్రిపూట తిప్పండి. రాత్రి డ్రైవింగ్‌కని అమ్మే పసుపు కళ్ళద్దాలు మాత్రం కొనకండి. అవి వచ్చే కాస్త వెలుతురునీ తగ్గిస్తాయి, నడిచేవాడు ఇంకా మసకబారతాడు. ఇక మిగతా లోపం మీకు ఎదురొచ్చేవాళ్ళది, అంటే ఈ హాల్లో ఉన్నవాళ్ళది.

బయట బాగా చీకటి పడినట్టుంది. మైదానం చివర నా బండి పెట్టించాను, డిక్కీలో నాలుగు ఇసుక బస్తాలు వేసి, చక్రం సున్నా మీద ఉంచి. ఇద్దరిద్దరుగా రండి. ఒకరు లోపల కూర్చుని లైటు వేస్తారు, రెండోవారు 50 మీటర్ల గీత దగ్గర నిలబడతారు. తరవాత చోట్లు మార్చుకుందాం. మెకానిక్ గారూ, మీరు ఆ చక్రం దగ్గర ఉండండి.